బల్ల బాబాయి చూపు

లాంచీ రేవుకు ఆనుకోగానే తాడు విసిరి బిగించేది, బల్ల వేసేది, ఆ బల్ల పక్కన నిలబడి ఎక్కేవాళ్ళకూ దిగేవాళ్ళకూ చెయ్యి అందించేది ఒక్కడే మనిషి. అందుకని అందరూ ఆయన్ని బల్ల బాబాయి అనేవారు. అసలు పేరు జీతాల రోజున తప్ప ఎవరి నోటా వినబడేది కాదు. బల్ల సన్నది. దానికి అటూ ఇటూ లాంచీకీ రేవుకూ నడుమ సందు ఉంటుంది. నీళ్ళు ఊగినప్పుడల్లా ఆ సందు నోరు తెరిచి మూసుకుంటూ ఉంటుంది. ఎక్కేవాళ్ళెవరూ దాన్ని చూడరు. సామాను చూసుకుంటారు, పిల్లల్ని కేకేస్తారు, ఫోన్లో మాట్లాడుకుంటూ గాల్లో అడుగేస్తారు. వాళ్ళందరి బదులూ ఆ సందును చూడడమే బాబాయి ఉద్యోగం.

ఎండాకాలం వస్తే రేవు రంగే మారిపోయేది. అవతలి ఒడ్డున ఇసుక, చెట్ల నీడ, చల్లటి నీళ్ళు. ఊళ్ళో సగం మంది అటు దాటేవారు. చేతుల్లేని గౌన్లు, మోకాళ్ళు దాటని లాగూలు, వీపు సగం గాలికి వదిలేసిన చొక్కాలు, గుండీలు పెట్టుకోవడం మరిచిపోయిన కుర్రాళ్ళు. ఒక్కొక్కరూ బల్ల ఎక్కుతుంటే లాంచీకి కొత్త రంగులు వేసినట్టుండేది.

బాబాయి సన్యాసేం కాదు. అందమైన మనిషి బల్ల మీద అడుగు పెడితే ఆయనకూ కడుపులో ఏదో చల్లగా కదిలేది. అయితే దానికో పద్ధతి పెట్టుకున్నాడు. కొత్తగా పనిలో చేరినవాళ్ళకు తాడు ముడి నేర్పకముందే ఆ పద్ధతి నేర్పేవాడు.

“చూపు పడుతుందిరా, పడకుండా ఎవడాపగలడు? పడ్డాక అక్కడే కుర్చీ వేసుకుని కూర్చోకూడదు. అంతే. వెంటనే ముఖం చూసి పలకరించు. నీ చూపు వాళ్ళకి బరువైందో లేదో ఆ ముఖమే చెప్తుంది. బరువైందనిపిస్తే తాడు సర్దుకో.”

లాంచీ నడిపే సరంగు ఈ పాఠం విన్నప్పుడల్లా నవ్వేవాడు. ఇద్దరూ ఒకే ఏడాది పనిలో చేరి, ఒకరినొకరు బావా అని పిలుచుకునేంత దగ్గరైనవాళ్ళు.

“నాకా బాధ లేదు బావా. నల్లద్దాలు కొనుక్కున్నా.”

“అద్దాలు కళ్ళని దాస్తాయి గానీ మెడని దాస్తాయా బావా? ఆ అమ్మాయి ఎటు నడిస్తే అటు తిరుగుతోంది నీ మెడ. దాన్ని చూసి లాంచీ కూడా అటే తిరుగుతుందేమోనని నా భయం.”

బాబాయి భార్య ఇంట్లో బట్టలు కుట్టేది. సెలవు రోజు సాయంత్రం మొగుడూ పెళ్ళాం వచ్చి రేవు మెట్ల మీద కూర్చునేవారు. వాళ్ళకదో సరదా. వచ్చేపోయేవాళ్ళను చూస్తూ ఆవిడ, “ఆ నీలం గౌను భుజం దగ్గర కత్తిరింపు చూశారా, ఎంత పొందిగ్గా ఉందో?” అనేది.

“నేను భుజం దాకానే వెళ్ళాను. కత్తిరింపు చూళ్ళేదు.”

“సరే, చూశారుగా. ఇక వెనక్కి వచ్చెయ్యండి. అదుగో, ఆ తడి చొక్కా కుర్రాడు. వాడు నా వాటా.”

“చూసుకో తల్లీ చూసుకో. కుర్చీ మాత్రం వెయ్యకు.”

ఇలా నవ్వుకునేవారు. ఆ నవ్వులో దొంగతనం లేదు. పూలమొక్కల పక్కనుంచి నడిచి వెళ్ళినట్టు వెళ్ళిపోయేవారు.

వాళ్ళ ఒక్కగానొక్క కూతురు ఆ రేవులోనే టికెట్ల కిటికీ దగ్గర పని చేసేది. పనిలో ఉన్నంతసేపూ మెడదాకా గుండీలున్న యూనిఫాం చొక్కా. సెలవు రోజుకని ఒక చేతుల్లేని గౌను కుట్టిపెట్టమని తల్లిని ఎన్నాళ్ళుగానో అడుగుతోంది. ఊరందరికీ అలాంటివి కుట్టే ఆ తల్లి, సొంత కూతురి దగ్గరికి వచ్చేసరికి కత్తెర కింద పెట్టేసేది. బాబాయే కూతురి తరఫున వాదించాడు.

“ఎండ దానికి మాత్రం ఎండ కాదా? కుట్టు. ఎలా వేసుకోవాలో దానికి తెలుసు. ఎలా చూడాలో చూసేవాళ్ళు నేర్చుకోవాలి.”

“మీరు నేర్పుతారా ఊరందరికీ?”

“నా బల్ల ఎక్కినవాళ్ళకి నేర్పుతా.”

అంత ధీమాగా అన్న మనిషికి కంట్లో మసక మొదలై అప్పటికే చాలాకాలమైంది.

మొదట్లో కళ్ళజోడు మీద వేలిముద్ర పడిందనుకున్నాడు. తుడిచాడు. మళ్ళీ తుడిచాడు. ఆ ముద్ర అద్దం మీద లేదు. ఎటు చూస్తే అటు, సరిగ్గా చూపు మధ్యలో, బూడిదరంగు మచ్చలా ముందే వెళ్ళి కూర్చునేది. సరంగు ముఖం పోయి మీసం కొసలు మాత్రం మిగిలాయి. గడియారం అంచు ఉండేది, ముళ్ళు ఉండేవి కావు. ఎవరికీ చెప్పకుండా, రేవు వాళ్ళెవరూ వెళ్ళని ఒక కంటి డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాడు. ఆవిడ చాలాసేపు చూసి, నిదానంగా చెప్పింది.

“నడిమి చూపు పోతోందండీ. పోయింది తిరిగి రాదు. పక్క చూపు ఉంటుంది. పూర్తిగా చీకటైపోదు, భయపడకండి. ఒక వస్తువు కనబడాలంటే దాన్ని సూటిగా చూడకండి. కాస్త పైకో పక్కకో చూడండి. అప్పుడు అది కనబడుతుంది.”

అలవాటు చేసుకున్నాడు. పంతం పట్టి నేర్చుకున్నాడు. బల్ల మీద పాదాలు కనబడాలంటే పాదాలను చూడకూడదు, వాటికి పైన ఎక్కడో కళ్ళు నిలపాలి. అప్పుడు కింద, చూపు అంచున, చెప్పులూ సందూ నీళ్ళూ అన్నీ తేటగా తేలేవి. చెయ్యి సరైన క్షణానికి వెళ్ళేది. ఒక్క కాలు కూడా జారలేదు. ఈ కిటుకు దొరికిన రోజున ఆయన చిన్నపిల్లాడిలా సంబరపడ్డాడు. తన కళ్ళు అవతలివాళ్ళ ఒంటి మీద ఎక్కడ నిలబడుతున్నాయో మాత్రం ఆలోచించలేదు. అది తెలియాలంటే వాళ్ళ ముఖం కనబడాలి. ఆయనకు కనబడనిది సరిగ్గా అదే.

ఎవరితోనైనా చెప్పి ఉండవచ్చు కదా అంటే, చెప్పలేడు. చూపు తగ్గినవాణ్ణి బల్ల దగ్గర ఉంచకూడదని రేవు నియమం. ఇంకెక్కడైనా ఉంచాలని నియమం లేదు. చెవులు పోయిన ఇంజను మనిషిని అలాగే ఇంటికి పంపారు. అతను రోజూ వచ్చి టీ బండి దగ్గర నిలబడి, వినబడని మాటలకు తలాడిస్తూ ఉండేవాడు. పాపం అన్నవాళ్ళే కొన్నాళ్ళకు అతన్ని చూసి దారి మార్చుకున్నారు. ఆ దారి మార్చుకున్నవాళ్ళలో బాబాయి కూడా ఉన్నాడు. ఇంట్లో చూస్తే భార్య కుట్టుపని ఏడాదిలో సగం రోజులే ఉంటుంది. కూతురికొచ్చేది కొద్దిపాటి జీతం. ఇల్లు నడిచేది ఈయన జీతం మీద. అంతకన్నా పెద్ద సంగతి, బల్ల లేకపోతే తనెవరో ఆయనకు తెలియదు.

ఆ ఎండాకాలం నడుమ, జనం కిటకిటలాడుతున్న ఒక మధ్యాహ్నం, పసుపు రంగు ఏదో బల్ల ఎక్కింది. పసుపు రంగుకు పైన బట్టలేని భుజాలు. అంతే తెలిసింది ఆయనకు. పాదాల కోసం కళ్ళు పైన నిలిపి చెయ్యి చాపాడు. ఆ చేతిలోకి చెయ్యి రాలేదు.

“ఎక్కడ చూస్తున్నారు మీరు?”

బాబాయికి అర్థం కాలేదు. “జాగ్రత్తమ్మా, సందుంది,” అన్నాడు, కళ్ళు కదపకుండానే.

“సందు నా మెడ కింద ఉందా? పోయినసారి కూడా ఇంతే. మా అక్కని కూడా ఇలాగే చూశారు. ఇంత వయసొచ్చి సిగ్గులేదా?”

వెనక వరుస ఆగిపోయింది. ఎవరో “ఏమైంది, ఏమైంది” అన్నారు. ఎవరో “ముసలాయనే, చూడ్డానికి పెద్దమనిషిలా ఉంటాడు” అన్నారు. స్నేహితుణ్ణి కాపాడదామని సరంగు పైనుంచి నోరు చేసుకున్నాడు.

“పోనీలే అమ్మా, ముసలి కళ్ళు. చూసినా ఏం అరిగిపోతారు?”

దాంతో నిప్పు మీద నూనె పోసినట్టయింది. ఆ పిల్ల గిరుక్కున తిరిగి నేరుగా మేనేజరు గదికి వెళ్ళింది. పక్కనే ఉన్న టికెట్ల కిటికీ రెక్క చప్పుడు లేకుండా మూసుకుంది. లోపల కూతురుంది. ఆ చప్పుడు లేకపోవడమే బాబాయికి గట్టిగా వినబడింది.

ఆ సాయంత్రం ఇంట్లో కుట్టుమిషను ఆగకుండా తిరిగింది. కూతురు తలుపు వేసుకుంది. చాలాసేపటికి భార్య మిషను ఆపింది.

“నిజమేనా?”

ఒక్క మాట చెబితే చాలు. కనబడటం లేదే, నాకు నీ ముఖం కూడా కనబడటం లేదే అంటే చాలు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే రేపు ఆవిడ నోరు మూసుకుని ఉండగలదా? ఉండదు. ప్రేమున్న మనిషి కనుక అసలుండదు. తెల్లారి లేచి రేవుకు వెళ్ళి, మా ఆయన్ని అంత మాటంటారా, ఆయనకు చూపే లేదు అని మేనేజరు ముందు ఏడుస్తుంది.

“ఎండకి కళ్ళు తిరిగాయి,” అన్నాడు.

“కళ్ళు తిరిగితే కింద పడతారు. ఒకరి మీద పడవు కళ్ళు.” కాస్త ఆగి, గొంతు తగ్గించి అంది, “మెట్ల మీద కూర్చుని మనం నవ్వుకున్న నవ్వులన్నీ ఇవాళ నాకు వెగటుగా ఉన్నాయండీ. నేనే మీకు అలవాటు చేశానేమో.”

చెంపదెబ్బ కొట్టినా ఓర్చుకునేవాడు.

మర్నాడు మేనేజరు పిలిపించింది. చెడ్డ మనిషి కాదు. వయసులో చిన్నదైనా ఆయన్ని బాబాయిగారూ అనే పిలిచేది.

“బాబాయిగారూ, మీమీద ఇన్నేళ్ళలో మాట రాలేదు. అందుకే నేనే ఒక దారి ఆలోచించాను. ఆవిడ రేపు వస్తుంది. చేసింది తప్పే, చూశాను, క్షమించమని చెప్పండి. ఈ ఎండలు తగ్గేదాకా తాళ్ళ కొట్లో పని చెయ్యండి. తరవాత మళ్ళీ బల్ల దగ్గరికే వద్దురు. లేదూ, చూళ్ళేదంటారా? అప్పుడు విచారణ, డాక్టరు పరీక్షలు, అదంతా నా చేతిలో ఉండదు.”

డాక్టరు అన్న మాట దగ్గర బాబాయి ఒక అడుగు ముందుకు వేశాడు.

“చూశానండి,” అన్నాడు వెంటనే. “చూశాను. చెప్తాను.”

ఆ రాత్రి పడుకుని, మర్నాడు చెప్పాల్సిన మాటలు పేర్చుకున్నాడు. చెయ్యని పనికి సిగ్గుపడటం ఎలాగో ఆయనకు తెలియదు. చేసినవాడు ఎలా నిలబడతాడు, తల ఎంత వంచుతాడు, ఆ మాటలు ఏ గొంతుతో అంటాడు? తనెప్పుడో పనిలోంచి తరిమేయించిన ఒక వెకిలి మనిషిని గుర్తు చేసుకుని, వాడి మాటల్నే అరువు తెచ్చుకున్నాడు. జీవితమంతా ఎవరిలా ఉండకూడదనుకున్నాడో ఇప్పుడు వాడి మాటలే దిక్కయ్యాయి.

మేనేజరు గది చిన్నది. టేబులు వెనక మేనేజరు. టేబులు పక్కన కుర్చీలో, ఆ రోజు బల్ల మీద నిలదీసిన ఆవిడ, ఆఫీసు నుంచి నేరుగా వచ్చి, బూడిదరంగు చొక్కా మెడదాకా గుండీలు పెట్టుకుని కూర్చుంది. కిటికీ దగ్గర కూతురు నిలబడి ఉంది. ఆ రోజు ఆమెకు సెలవు. స్నేహితురాళ్ళతో అవతలి ఒడ్డుకు బయల్దేరి, తండ్రి ఏం చెబుతాడో తన చెవులతో వినాలని లోపలికి వచ్చింది. తల్లి ఎట్టకేలకు కుట్టిపెట్టిన గౌను వేసుకుంది. పసుపు రంగుది. చేతుల్లేనిది. దాన్ని ఆమె ఒంటి మీద బాబాయి ఇంకా చూడలేదు. ఆమె వస్తుందని కూడా ఆయనకు తెలియదు.

“రండి బాబాయిగారూ. అందరం ఉన్నాం. చెప్పండి,” అంది మేనేజరు.

బాబాయి గుమ్మంలో నిలబడి కళ్ళు అటూ ఇటూ తిప్పాడు. కిటికీ వెలుగులో పసుపు రంగు, దానికి పైన బట్టలేని భుజాలు. నేరుగా అక్కడికి నడిచాడు. రెండు చేతులూ జోడించాడు.

“అమ్మా, మీరు నన్ను క్షమించాలి. చూడకూడని చోట చూశాను. మీ నాన్నగారి వయసుంటుంది నాది. ఆయనకి తెలిస్తే ఎంత బాధపడతాడో నాకు తెలుసు. నాకూ ఇంట్లో ఒక కూతురుంది...”

మేనేజరు సగం లేచింది. కుర్చీలో ఆవిడ ఏదో అనబోయి ఆగింది.

“నాన్నా,” అంది కూతురు.

జోడించిన చేతులు అలాగే ఉండిపోయాయి. బాబాయి పెదాలు రెండుసార్లు కదిలాయి. తరవాత ఆయన నవ్వాడు. అంత భయంకరమైన నవ్వు ఆ కూతురు ఎన్నడూ చూడలేదు.

“తెలుసమ్మా, నువ్వేనని తెలుసు. నీకే ముందు చెప్పాలనుకున్నా. నీ తలవంపులే ఎక్కువ కదా. అందుకని ముందు నీకు... చూశారా మేడం, మా అమ్మాయికే ముందు చెప్పా.”

“నన్ను మీరు అన్నావు.”

“గౌరవంగా అన్నానే తల్లీ.”

“మా నాన్నగారి వయసుంటుందన్నావు.”

కూతురు ఒక చెయ్యి ముందుకు చాపింది. “నా చేతిలో ఏముంది నాన్నా? చెప్పు.”

ఇది పరీక్ష అని బాబాయికి అర్థమైంది. ఇందులో నెగ్గితే చాలు, అంతా సర్దుకుంటుంది. కిటుకు ఎలాగూ చేతిలోనే ఉంది. కూతురి చేతి మీది నుంచి కళ్ళు పక్కకు లాగాడు. అక్కడ కుర్చీ ఉంది. కుర్చీలో ఆవిడ మెడ కింద, చొక్కా గుండీల మీద చూపు నిలిపాడు. కదలకుండా నిలిపాడు. అంచున బొమ్మ తేలింది.

“గొడుగు!” అన్నాడు, గెలిచినవాడిలా. “మడిచిన గొడుగు, ఎర్ర పిడి. కనబడుతోంది మేడం. చూశారా? నాకు బాగా కనబడుతోంది.”

కుర్చీలో ఆవిడ చెయ్యి తనకు తెలియకుండానే చొక్కా మెడ దగ్గరికి వెళ్ళింది. ఆ రోజు బల్ల మీద వెళ్ళినట్టే. అక్కడ ఆగింది. ఆవిడ ఆయన కళ్ళను చూసింది, ఆ కళ్ళ ముందు తనుంది. ఆయన చెబుతున్న గొడుగు వైపు చూసింది, అది అవతలి పక్కన ఉంది. మెల్లగా చెయ్యి దించేసింది.

“ఆ రోజు మీరు నా కాళ్ళు చూస్తున్నారు,” అంది. “బల్ల మీద నా కాళ్ళు. అంతేనా?”

గొంతు ఎటునుంచి వచ్చిందో విని అప్పటికి బాబాయి అసలు మనిషి ఎవరో తెలుసుకున్నాడు. అటు తిరిగాడు.

“లేదమ్మా. మిమ్మల్నే. మిమ్మల్నే చూశాను.”

“నన్ను చూసినవాళ్ళకి నేనెవరో తెలియాలి కదండీ. మీరు నా గౌను రంగు దగ్గరికి వెళ్ళి క్షమాపణ చెప్పారు.”

“పొరపాటు పడ్డాను. కంగారులో. మీ భుజాలు చూశాను, అందుకే బట్టలే గుర్తున్నాయి. చూసేవాళ్ళకి అవే గుర్తుంటాయి. నేను అలాంటివాణ్ణేనమ్మా. చాలామందిని చూశాను. మీ అక్కగారిని కూడా చూశాను.” మాటలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి.

“నాన్నా, చాలు,” అంది కూతురు. అప్పటికే ఆమె ఏడుస్తోంది.

మేనేజరు కుర్చీలోంచి లేచింది. ఆవిడ గొంతులో కోపం లేదు, అదే భయంగా ఉంది. “ఎన్నాళ్ళనుంచి బాబాయిగారూ? ఎవరి పసిబిడ్డ కాలైనా ఆ సందులో పడి ఉంటే?”

“పడలేదు కదండీ. ఒక్క కాలూ పడలేదు.”

“పడి ఉంటే?”

ఆయన రాత్రుళ్ళు నిద్ర పట్టనప్పుడు తనను తాను అడిగి, ఇటు నుంచి అటు దొర్లి తప్పించుకున్న ప్రశ్న అది. మేనేజరు వైపు నుంచి తిరిగి, టేబులు అంచు పట్టుకుని, కుర్చీ దాకా వచ్చాడు.

“అమ్మా, మీరొక్కరు చెబితే చాలు. నిన్నటిదాకా మీరన్నదే కదా. ముసలాడు చూశాడు, సిగ్గులేనివాడు అనండి. అందరిముందూ అనండి. రేవంతా వినేలా అనండి, నేను నిలబడతాను. కొట్లో పడేస్తారు, పడుంటాను. ఎండలు తగ్గాక బల్ల ఇస్తామన్నారు. ఒక్క మాటమ్మా. చూశాడని చెప్పండి.”

తనను క్షమించమని అడగడానికి వచ్చిన మనిషి, తనను క్షమించవద్దని బతిమాలుతుంటే ఏమనాలో ఆ వయసుకు ఆవిడకు ఎవరూ నేర్పలేదు. కూతురి వైపు చూసింది. కూతురు తల అడ్డంగా ఊపింది. ఆ ఊపు నాన్నను కాపాడమనో, అబద్ధం చెప్పొద్దనో, రెండూనో.

“లేదండీ,” అంది చివరికి, ఒక్కొక్క మాటా నొప్పిగా. “మీరు నన్ను చూడలేదు.”

ఇంట్లో మిషను ముందు కూర్చున్న భార్య ఆ మాట వినడానికి రెండు రాత్రులుగా కాచుకుని ఉంది. వింటే సరంగు చేతిలో చుక్కాని వదిలేసి పరుగెత్తుకొచ్చేవాడు. బాబాయి మాత్రం తల అడ్డంగా ఊపుతూ, “చూశానమ్మా. దేవుడి సాక్షిగా చూశాను,” అంటూనే ఉన్నాడు. కుర్చీలో ఆవిడ లేచి, కూతురి భుజం మీద ఒకసారి చెయ్యి వేసి, అడుగు చప్పుడు కాకుండా బయటికి వెళ్ళిపోయింది. ఆయన ఇంకా ఆ ఖాళీ కుర్చీకే చెబుతున్నాడు.